అప్పుడప్పుడు స్తంభించే వర్చువల్ మెషీన్: బగ్ కూపీ లాగే పద్ధతి

ప్రతిసారీ కనిపించే బగ్‌కు ఓపిక చాలు. మూడు రోజులకోసారి తలెత్తి, చూడబోయేసరికి మాయమయ్యే బగ్‌కు పద్ధతి కావాలి. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండో రకం చాలా ఎక్కువ. అక్కడ ఒకే పనిని ఇద్దరు పంచుకుంటారు: ఒకవైపు గెస్ట్ కెర్నల్, అంటే వర్చువల్ మెషీన్ లోపలి ఆపరేటింగ్ సిస్టం; మరోవైపు హోస్ట్‌లో, అంటే దాన్ని నడిపించే అసలు మెషీన్‌లో, నడిచే మన ప్రోగ్రాం. ఇద్దరూ వేర్వేరు కోర్ల మీద ఉండి ఒకే మెమరీని చదువుతూ, రాస్తూ ఉంటారు. ఏ క్షణంలో ఎవరు ఎక్కడున్నారన్నది ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు.

నేను కొన్నేళ్లుగా హైపర్‌వైజర్‌లో (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) డిస్కు పరికరాన్ని అనుకరించే భాగం రాస్తున్నాను. మా ప్రోగ్రాం లినక్స్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యమైన కేవీఎం మీద నడుస్తూ, గెస్ట్‌కు వర్చ్‌ఐఓ పద్ధతిలో, అంటే ఉమ్మడి మెమరీలోని క్యూలో రిక్వెస్టులు పెట్టి తీసుకునే పద్ధతిలో, డిస్కు ఇస్తుంది. ఒక దశలో గెస్ట్‌లు ఉన్నట్టుండి స్తంభించడం మొదలైంది. వందలాది మెషీన్లలో వారానికి రెండో మూడో అలా ఆగేవి. పింగ్‌కు జవాబు వస్తుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, కానీ డిస్కును తాకిన ప్రతి ప్రాసెసూ అక్కడే నిలబడిపోతుంది. ఫలానా పని 120 సెకన్లకు పైగా కదలలేదని గెస్ట్ కన్సోల్ మీద కెర్నల్ హెచ్చరిక కనబడుతుంది. దాన్ని పట్టుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఇప్పుడైతే వారం చాలు. మిగిలిన నాలుగు వారాలు ఎక్కడ పోయాయో చెబితే మీకు అవి మిగులుతాయి.

ఆగిన మెషీన్‌ను ముట్టుకునే ముందు

మొదటి నియమం: రీస్టార్ట్ చేయనివ్వకండి. ఆగిపోయిన మెషీన్ మీకు దొరికిన ఏకైక సాక్షి. నిర్వహణ బృందంతో ముందే మాట్లాడి, ఇలాంటిది జరిగితే అరగంట పాటు ఎవరూ చెయ్యి పెట్టకుండా మిమ్మల్ని పిలిచేలా ఒప్పించుకోండి. ఆ ఒప్పందం కుదరడానికి నాకు రెండు సమావేశాలు పట్టాయి. ఈ మొత్తం వ్యవహారంలో అంత ఫలితమిచ్చిన పని మరొకటి లేదు.

రెండో నియమం నేను నష్టపోయి నేర్చుకున్నది. మొదటిసారి ఆగిన మెషీన్ చేతికి రాగానే నేరుగా జీడీబీ డీబగ్గర్ తగిలించాను. థ్రెడ్ల స్టాక్‌లు తీసుకుని, డీబగ్గర్ విడవగానే పక్కన కూర్చున్న సహోద్యోగి అన్నది: "మీరు చెయ్యి వేయగానే లేచిందండీ. డిస్కు పనిచేస్తోంది." సాక్ష్యం పోయింది.

ఎందుకలా జరిగింది? డీబగ్గర్ తగిలిస్తే ప్రాసెస్ ఒక్క క్షణం ఆగి మళ్లీ నడుస్తుంది. లినక్స్‌లో ఈపోల్ వెయిట్‌లో, అంటే కబురు వచ్చేదాకా ఆగే కాల్‌లో, నిద్రపోతున్న థ్రెడ్, సిగ్నల్ హ్యాండ్లర్ ఏదీ లేకపోయినా, ఇలా ఆపి నడిపినప్పుడు మేలుకుని ఈఇంటర్ (మధ్యలో అంతరాయం) అనే ఎర్రర్‌తో తిరిగి రావచ్చు. మా పరికరం థ్రెడ్ ఏ కారణంతో మేలుకున్నా క్యూలన్నీ ఒకసారి చూసుకుంటుంది. అలా చూసుకోగానే అక్కడ పడి ఉన్న రిక్వెస్టులు కనబడ్డాయి, వాటిని పూర్తి చేసింది. ఆ పూట నేను తల పట్టుకున్నాను గాని, నిజానికి అసలు ఆధారం అదే. లేపితే పని చేసిందంటే రిక్వెస్టు పోలేదు, పాడవలేదు. అది క్యూలోనే ఉంది. పరికరానికి కబురు అందలేదు, అంతే.

కాబట్టి ముందుగా ఏదీ ఆపకుండా చదవగలిగినవన్నీ చదవండి. గెస్ట్ కన్సోల్ పనిచేస్తుంటే డిస్కుకు ఎన్ని రిక్వెస్టులు పంపి జవాబు కోసం చూస్తోందో కెర్నల్ వివరాలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఇన్‌ఫ్లైట్ ఫైలు చెబుతుంది. ఆగిన పనుల జాబితాను కెర్నల్‌కు నేరుగా ఇచ్చే సిస్‌ఆర్‌క్యూ డబ్ల్యూ ఆదేశం ఇస్తుంది. ఇంటరప్టుల పట్టికను పది సెకన్ల తేడాతో రెండుసార్లు తీసి, ఆ డిస్కు వరుసలో అంకె కదిలిందా లేదా చూడండి. హోస్ట్‌లో ప్రోక్ డైరెక్టరీలో ప్రతి థ్రెడ్ ఎక్కడ నిద్రపోతోందో తెలిపే డబ్ల్యూచాన్ ఉంటుంది. అదే చోట ఉన్న మెమ్ ఫైలు ద్వారా, ప్రాసెస్‌ను ఆపకుండానే, మనకు కావలసిన మెమరీ చదవవచ్చు. క్యూ ఇండెక్సులను (గెస్ట్ ఎక్కడిదాకా పెట్టిందో, పరికరం ఎక్కడిదాకా తీసుకుందో చెప్పే అంకెలను) నేను అలా చదివే చిన్న స్క్రిప్టు రాసి ఉంచాను. ఇవన్నీ భద్రమయ్యాకే జీడీబీ, ఆ తరువాతే కోర్ ఫైలు (ప్రాసెస్ మెమరీ నకలు). క్యూ ఉండేది గెస్ట్ మెమరీలోనే కాబట్టి కోర్ ఫైలులోకి గెస్ట్ మెమరీ కూడా రావాలి. అంటే అందులో వాడుకరి సొంత సమాచారం ఉంటుంది. దాన్ని ఎవరికీ పంపకండి, పని అయ్యాక చెరిపేయండి.

రెండో మెషీన్ ఆగినప్పుడు ఈ వరుస పాటించాను. గెస్ట్ పెట్టిన ఇండెక్స్ 20518. పరికరం తీసుకున్నది 20459 దాకా. 59 రిక్వెస్టులు క్యూలో ఉండగా పరికరం థ్రెడ్ నిద్రలో ఉంది.

కబురు ఎప్పుడు వెళ్తుంది

ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. వర్చ్‌ఐఓలో గెస్ట్ ప్రతి రిక్వెస్టుకూ పరికరాన్ని లేపదు. లేపడమంటే గెస్ట్ నుంచి హోస్ట్‌లోకి రావడం, దానికి ఖర్చుంది. అందుకే నిద్రపోబోయే ముందు పరికరం ఒక అంకె రాసి పెడుతుంది: "మీ ఇండెక్స్ ఈ అంకెను దాటినప్పుడు నన్ను లేపండి." దీన్ని ఈవెంట్ ఇండెక్స్ అంటారు. గెస్ట్ కొత్త రిక్వెస్టు పెట్టాక ఆ అంకె చదివి, ఇప్పుడే దాన్ని దాటితే కబురు పంపుతుంది. అప్పటికే దాటిపోయి ఉంటే పంపదు.

అంటే దాటిన ఆ ఒక్క క్షణంలో కబురు తప్పిపోతే, ఆ తరువాత వచ్చే రిక్వెస్టులేవీ పరికరాన్ని లేపవు. ఇండెక్స్ 16 బిట్లది. అది 65536 దగ్గర చుట్టు తిరిగి రావాలి, మా క్యూలో చోటు 256. ఇక మేలుకునే దారే లేదు.

ఇది అర్థమయ్యాక ఒక ప్రయోగం దానంతటదే తోచింది. ఈవెంట్ ఇండెక్స్ సౌకర్యాన్ని ఆపేస్తే వర్చ్‌ఐఓ పాత పద్ధతికి వెళ్తుంది. అందులో అంకె ఉండదు, కబురు కావాలో వద్దో చెప్పే ఒక జెండా మాత్రం ఉంటుంది. అక్కడ ఒక కబురు తప్పినా, తరువాతి రిక్వెస్టు జెండా చూసి లేపుతుంది. నా అనుమానం నిజమైతే శాశ్వతంగా ఆగడం పోయి, కాసేపు ఆగి తనంతట తానే కదలాలి. అలాగే జరిగింది. బగ్‌ను పోగొట్టకుండా దాని రూపాన్ని మార్చే ప్రయోగం దొరికితే వదులుకోకండి. "ఇలా చేస్తే రాలేదు" అనే ఫలితం కంటే "ఇలా చేస్తే ఇంకోలా వచ్చింది" అనే ఫలితం ఎన్నో రెట్లు విలువైనది. రాకపోవడానికి వంద కారణాలుంటాయి.

పిలిస్తే వచ్చేలా చేయడం

ఆ ప్రయోగం చేయాలంటే ముందు బగ్ మన చేతిలో రావాలి. చాలామంది చేసేది లోడ్ పెంచడం. నేనూ అదే చేశాను. ఒకేసారి 64 రిక్వెస్టులు పంపుతూ రెండు రాత్రులు నడిపితే ఒక్కసారీ ఆగలేదు. లోడ్ ఎక్కువైతే పరికరం థ్రెడ్‌కు నిద్రపోయే వీలే ఉండదు. మన బగ్ ఉన్నది నిద్రపోయే గడప దగ్గర. మా వాడుకరుల మెషీన్లు తెల్లవారుజామున, పని తక్కువగా ఉన్నప్పుడు ఆగేవని మొదటి వారంలోనే నా దగ్గర రాసి ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు.

వేసుకోవలసిన ప్రశ్న ఇది: నాకు అనుమానమున్న గడపను సెకనుకు ఎన్నిసార్లు దాటిస్తున్నాను? నేను డిస్కును పరీక్షించే ఎఫ్‌ఐఓ సాధనంతో ఒకసారికి ఒక్కటే 4 కేబీ చదువు రిక్వెస్టు పంపేలా పెట్టాను. వెనక డిస్కు స్థానంలో ర్యామ్‌లో ఉండే ఫైలు పెట్టాను. ఇప్పుడు ప్రతి రిక్వెస్టుకూ పరికరం నిద్రపోయి లేవాల్సిందే. అంటే సెకనుకు వేలసార్లు గడప దాటుతుంది. ఇంకా ఒకటి చేశాను: పరికరం రిక్వెస్టు పూర్తి చేసి, నిద్రకు సిద్ధపడే ముందు 0 నుంచి 20 మైక్రోసెకన్ల మధ్య ఏదో ఒక వ్యవధి పాటు ఖాళీ లూప్ తిరిగేలా పెట్టాను. గెస్ట్ తరువాతి రిక్వెస్టు పెట్టే సమయం, పరికరం నిద్రపోయే సమయం ఎక్కడో ఒకచోట కలవడానికి ఇది. నిద్ర ఫంక్షన్ వాడకండి. అంత చిన్న వ్యవధికి అది పనికిరాదు, పైగా షెడ్యూలర్‌ను మధ్యలోకి తెస్తుంది.

గంటలోపు మొదటిసారి ఆగింది. పది నిమిషాల పరుగులుగా లెక్కపెడితే ఎనిమిదింటిలో ఒకటి ఆగుతోంది. గెస్ట్ ప్రాసెసర్ థ్రెడ్‌నూ, పరికరం థ్రెడ్‌నూ రెండు వేర్వేరు కోర్లకు కట్టేస్తే అలాగే వస్తుంది. రెండింటినీ ఒకే కోర్ మీద నడిపితే ఒక్కసారీ రాదు. ఈ తేడాను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించాను.

ఇక్కడ ఒక లెక్క తప్పనిసరి. ఎనిమిదికి ఒకటి చొప్పున వచ్చే బగ్, మీరు ఏదో మార్చాక ఎనిమిది పరుగుల్లో రాలేదనుకోండి. మీ మార్పు ఏమీ చేయకపోయినా అలా రాకుండా ఉండే అవకాశం 34 శాతం. నేను ఇలాగే మోసపోయాను. రిక్వెస్టు పూర్తయ్యే దారిలో ఒక లాక్ వరుస మార్చి, ఎనిమిది పరుగులు శుభ్రంగా రాగానే సరిచేశానని అందరికీ చెప్పాను. నాలుగో రోజు వాడుకరి మెషీన్ మళ్లీ ఆగింది. ఎన్‌లో ఒకసారి వచ్చే బగ్ పోయిందనడానికి కనీసం మూడు ఎన్‌ల పరుగులు శుభ్రంగా రావాలి. మా విషయంలో 24. అప్పుడు పొరబడే అవకాశం 4 శాతానికి దిగుతుంది.

బగ్ తెచ్చిన కమిట్‌ను (కోడ్ మార్పును) ప్రతి అడుగులో సగం తగ్గిస్తూ వెతికే గిట్ బైసెక్ట్‌కూ ఇదే లెక్క. ఒక్కసారి ఆగితే ఆ కమిట్ చెడ్డదని చెప్పేయవచ్చు. మంచిదని చెప్పాలంటే మాత్రం 24 పరుగులు కావాలి, అంటే నాలుగు గంటలు. ఒక్క చెడ్డ కమిట్‌ను మంచిదని గుర్తుపెడితే ఆ తరువాతి అడుగులన్నీ తప్పుదారే. వెయ్యి కమిట్లకు పది అడుగులు చాలు కాబట్టి తొందరపడకండి. ఆరు మెషీన్ల మీద సమాంతరంగా నడిపితే ఒక అడుగు 40 నిమిషాల్లో అయింది.

బైసెక్ట్ ఒక కమిట్ దగ్గర ఆగింది. వేగం కోసం నిద్రపోయే దారిలో ఒక లాక్ తీసేసిన కమిట్ అది. ఆ లాక్ కాపాడవలసిన డేటా అక్కడ ఏదీ లేదు, తీసేయడం సబబే అనిపించింది. అసలు సంగతి ఇంకా రెండు అడుగుల దూరంలో ఉంది. బైసెక్ట్ బగ్ బయటపడిన చోటును చూపుతుంది. అది పుట్టిన చోటు వేరే కావచ్చు.

చూస్తున్నామని తెలియకుండా చూడటం

లాగ్ వరుసలు పెట్టగానే బగ్ పోయింది. ఇలాంటి వాటిని హైజెన్‌బగ్ అంటారు. విసుగు పడకండి, అది కూడా సమాచారమే: లాగ్ రాయడానికి పట్టే సమయమో, దాని పక్క ప్రభావమో వరుసను సరిచేస్తోందని అర్థం.

నేను చేసింది మెమరీలో ట్రేస్. ప్రతి థ్రెడ్‌కూ తన సొంత పట్టిక, 65536 గళ్లు, గడికి 16 బైట్లు: టీఎస్‌సీ (ప్రాసెసర్‌లో కాలం లెక్కించే కౌంటర్) విలువ, సంఘటన సంఖ్య, ఒక అంకె. నిండితే మళ్లీ మొదటి నుంచి. థ్రెడ్లన్నిటికీ కలిపి ఒకే అటామిక్ కౌంటర్ పెట్టాలని మొదట అనిపించింది, వరుస చక్కగా వస్తుంది కదా అని. పెట్టగానే బగ్ మాయం. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో) అలాంటి కౌంటర్‌కు వాడే, లాక్ ప్రిఫిక్స్ ఉన్న ఏ సూచనైనా పూర్తి మెమరీ బ్యారియర్ కూడా: దానికి ముందు రాసినవి అందరికీ కనబడ్డాకే తరువాతి చదువులు జరుగుతాయి. తీసేసిన లాక్ గుట్టు కూడా అక్కడే విడింది: అది డేటాను కాపాడకపోయినా బ్యారియర్ పని చేసేది. తీగ లాగితే డొంక కదిలినట్టయింది.

గెస్ట్ కెర్నల్‌లోనూ ఇలాంటి చిన్న పట్టికే పెట్టాను. గెస్ట్ టీఎస్‌సీకీ హోస్ట్ టీఎస్‌సీకీ మధ్య తేడాను కేవీఎం డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో చూపుతుంది. దాన్ని సర్దితే రెండు పట్టికలూ ఒకే కాలరేఖ మీదికి వస్తాయి. ఆగిన ఒక పరుగు చివరి వరుసలు ఇవి.

పరికరం: ఈవెంట్ ఇండెక్స్ 41872 అని రాశాను. గెస్ట్ ఇండెక్స్ చదివాను, 41872. కొత్తవేవీ లేవు, నిద్రపోతున్నాను.

గెస్ట్: ఇండెక్స్ 41873 అని రాశాను. ఈవెంట్ ఇండెక్స్ చదివాను, 41871. అది ఎప్పుడో దాటింది, కబురు అక్కర్లేదు.

ఇవన్నీ వంద నానోసెకన్లలోపు జరిగాయి. మళ్లీ ఒకసారి చదవండి. ఇద్దరూ ముందు రాశారు, తరువాత ఎదుటివారిది చదివారు. రాయడంలో ఎవరో ఒకరు ముందుంటారు కాబట్టి, రెండోవారు చదివేటప్పుడు మొదటివారి రాత కనబడి తీరాలి. ఇక్కడ ఇద్దరికీ పాత విలువలే కనబడ్డాయి. కోడ్ రాసిన వరుసలోనే నడిస్తే ఇది జరగదు.

నడవలేదు. ప్రతి కోర్‌కూ స్టోర్ బఫర్ ఉంటుంది. రాసిన విలువ కాసేపు అందులో ఉండి, ఆ తరువాత అందరికీ కనబడే మెమరీలోకి వెళ్తుంది. ఈలోగా అదే కోర్ వేరే చిరునామాను చదివేయగలదు. ఎక్స్86 మెమరీ వరుసల విషయంలో కట్టుదిట్టమైనదే, కానీ ఈ ఒక్క సడలింపు దానిలోనూ ఉంది: రాతను దాటి చదువు ముందుకు వెళ్లవచ్చు. దీన్ని ఆపడానికి గెస్ట్‌లోని లినక్స్ డ్రైవర్ రెండింటి మధ్య పూర్తి బ్యారియర్ పెట్టుకుంది. మా పరికరం కోడ్‌లో రిలీజ్ రాత (దానికి ముందరి పనులు దాని తరువాతకు జారవు), దాని వెంట అక్వైర్ చదువు (దాని తరువాతి పనులు దానికి ముందుకు రావు) ఉన్నాయి. పేర్లు ధైర్యాన్నిస్తాయి గాని, రాత తరువాతి చదువు ముందుకు వెళ్లకుండా ఆ జంట ఆపదు. ఎక్స్86లో రెండూ మామూలు మూవ్ సూచనలే అవుతాయి. ఒకే కోర్ మీద బగ్ రాకపోవడానికీ కారణం ఇదే: తన రాత తనకు ఎప్పుడూ కనబడుతుంది.

నా నాలుగు వారాలను ఎక్కువగా తిన్నది ఇంకొకటి. ఇదే కోడ్ ఆర్మ్ 64 బిట్ మెషీన్ల మీద ఒక్కసారీ ఆగలేదు. ఆర్మ్ మెమరీ వరుసలు ఎక్స్86 కంటే వదులు, అక్కడే రానిది ఇక్కడెలా వస్తుందని మొదటి వారంలోనే మెమరీ వరుస అనుమానాన్ని కొట్టేశాను. కానీ ఆర్మ్‌లో మా కంపైలర్ వాడిన ఎస్‌టీఎల్ఆర్ (రాత), ఎల్‌డీఏఆర్ (చదువు) సూచనల జంటకు ప్రత్యేకంగా ఆ వరుస హామీ ఉంది. సాధారణ సూత్రాన్ని పట్టుకుని అనుమానాన్ని కొట్టేయకండి. కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ తెరిచి చూడండి. ఐదు నిమిషాల పని.

మామూలు తర్కం లోపమా, మెమరీ వరుస లోపమా అని తేల్చే చిన్న పరీక్ష కూడా ఉంది. అనుమానమున్న రెండు అడుగుల మధ్య ఒకటి రెండు మైక్రోసెకన్ల ఖాళీ లూప్ పెట్టండి. తర్కం లోపమైతే తప్పు జరగగల వ్యవధి పెద్దదై బగ్ ఎక్కువసార్లు వస్తుంది. మెమరీ వరుస లోపమైతే ఈలోగా స్టోర్ బఫర్ ఖాళీ అయి బగ్ పోతుంది. మా దగ్గర పోయింది.

సరిచేయడం, నమ్మడం

దిద్దుబాటు ఒక్క వరుస: ఈవెంట్ ఇండెక్స్ రాసిన తరువాత, గెస్ట్ ఇండెక్స్ మళ్లీ చదివే ముందు, పూర్తి బ్యారియర్. సీ11లో (సీ భాష 2011 ప్రమాణంలో) వరుస నిఖార్సుగా ఉంచే సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ ఫెన్స్. రాశాక అసెంబ్లీలో ఎంఫెన్స్ అనే బ్యారియర్ సూచన గాని, లాక్ ఉన్న సూచన గాని నిజంగా వచ్చిందో లేదో చూశాను. అది నిద్రపోయే దారిలో మాత్రమే నడుస్తుంది కాబట్టి వేగం మీద కొలవదగ్గ తేడా కనబడలేదు.

తరువాత 80 పరుగులు. ఒక్కటీ ఆగలేదు. అక్కడితో వదలకండి: ఆ ఒక్క వరుసే తీసేసి మళ్లీ నడపండి. నాకు ఐదో పరుగులో ఆగింది. తిరిగి పెట్టాను, మళ్లీ శుభ్రం. తీస్తే రావాలి, పెడితే పోవాలి. రెండూ చూడనిదే సరిచేశానని నేనిప్పుడు ఎవరికీ చెప్పను. కమిట్ సందేశంలో పైన చూపిన వరుసలను యథాతథంగా రాశాను. లేకపోతే రెండేళ్ల తరువాత ఎవరో ఈ బ్యారియర్ అనవసరమని తీసేస్తారు, లాక్‌ను మేము తీసేసినట్టే.

మధ్యలో కొందరు సెకనుకోసారి క్యూలు చూసే టైమర్ పెట్టి వదిలేద్దామన్నారు. వాడుకరుల మెషీన్లు ఆగుతుండగా అలా కాపాడటం తప్పు కాదు, నేనూ పెట్టాను. కానీ టైమర్ ఎన్నిసార్లు ఆదుకుందో లెక్కపెట్టి బయటికి చూపే కౌంటర్ లేకుండా పెట్టవద్దని పట్టుబట్టాను. ఆ కౌంటర్ వల్లే అసలు రేటు తెలిసింది, దిద్దుబాటు వెళ్లాక అది సున్నా దగ్గర నిలవడం కనబడింది.

మీ లక్షణాలు వేరేలా ఉంటే వెతకవలసిన చోటూ మారుతుంది. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ను మరో హోస్ట్‌కు తరలించడం) తరువాత మాత్రమే డేటా పాడైతే, మారిన పేజీలను గుర్తుపెట్టే లెక్కలో ఎక్కడో ఒక రాత నమోదు కాలేదని అనుమానించండి. చివర్లో గెస్ట్‌ను ఆపి, రెండువైపులా పేజీ పేజీకీ హ్యాష్ పోలిస్తే ఏ పేజీ తప్పిందో, దాన్ని ఎవరు రాస్తారో తెలుస్తుంది. గడియారం వెనక్కి వెళ్లినట్టు, టైమర్లు ఆలస్యమైనట్టు కనిపిస్తే గెస్ట్ ఏ క్లాక్‌సోర్స్ (కాలం చదివే మూలం) వాడుతోందో ముందు చూడండి. గెస్ట్ పరికరం కోసం చూస్తూ ఉండి, పరికరం మాత్రం పని పూర్తి చేసి ఉంటే, ఇదే కథ తలకిందులైనట్టు: కబురు తప్పింది ఇంటరప్ట్ వైపు.

బగ్‌ను పిలిస్తే వచ్చేలా చేసిన ఆ పరీక్ష (రిప్రొడ్యూసర్) ఇప్పుడు మా రాత్రి పరీక్షల్లో ఉంది. రెండు బిల్డులతో నడుస్తుంది: బ్యారియర్ ఉన్నది ఆగకూడదు, కావాలని బ్యారియర్ తీసిన రెండోది ఆగాలి. మెషీన్లు మార్చిన నెలలో ఆ రెండోది మూడు రాత్రులు వరుసగా ఆగలేదు. కొత్త ప్రాసెసర్ల మీద 0 నుంచి 20 మైక్రోసెకన్ల వ్యవధి కుదరలేదు. 0 నుంచి 8కి తగ్గిస్తే మళ్లీ ఆగడం మొదలుపెట్టింది.